గజ్జెల సీను తీసెయ్యరా ఫణీ

తాడేపల్లిగూడెం,
మాఘమాసం, గురువారం

చిరంజీవి ఫణికిరణ్‌ని మేనత్త రత్నమాణిక్యం దీవించి రాస్తున్నది.

ఇక్కడ అంతా క్షేమమని రాయాలి. క్షేమమైతే నీకు ఉత్తరం ఎందుకు రాస్తాను? ఫోను చెయ్యకుండా ఈ ఉత్తరమేంటని నవ్వుతావు. నా చెవుల సంగతి నీకు తెలుసు. నాకు వినబడాలంటే అవతల నువ్వు అరవాలి. నువ్వు అరిస్తే పక్క గదిలో మీ నాన్నకి వినబడుతుంది. ఉత్తరమైతే ఆ గొడవ లేదు. పోస్టు వచ్చే వేళకి వాడు ఎరువుల కొట్లో ఉంటాడు.

నిన్న అన్నం ముందు కూర్చుని మీ నాన్న, "అక్కా, నీ మేనల్లుడు చీర కట్టుకుంటున్నాడంట, విన్నావా?" అన్నాడు. నేను విననట్టు ఇంకో గరిటె పప్పు వేశాను. చెవుడు అప్పుడప్పుడు ఉపకారమే. వాడు ఊరుకుంటేనా! "బావ పోయాక ఈ ఇంటికి ఆ చంపకవల్లి పీడ వదిలిందనుకున్నాను. మళ్లీ వీడు తగులుకున్నాడు. కొల్లేటికోటలో చెరువు గట్టు మీద స్టేజీ కడతాడంట. నాటకం ఆడి దాన్నే సినిమా తీస్తాడంట. ఎమ్మే చదివించింది జడ వేసుకోడానికా?" అని కంచం జరిపేశాడు.

ఒరే ఫణీ, నాకు మాత్రం జడ గురించి బెంగ లేదు. ఆ గట్టు గురించి బెంగ. అటూ ఇటూ నీళ్లు, మధ్యలో కరెంటు తీగలు, నువ్వు చీర కుచ్చిళ్లు తొక్కుకుని పడితే? అక్కడి దోమలు గేదెల్నే నిలవనివ్వవు. నీకు చిన్నప్పటినుంచీ చలి పడదు. పైగా ఆ నాటకం మంచి నాటకం కాదు. మీ బుల్లిరాజు మావయ్య ముప్పయ్యేళ్లు ఆ చంపకవల్లి వేషం వేశాడు, నాకు తెలియదా? ఒక ఊళ్లో రాళ్లు పడితే చంపకవల్లి వేషంలోనే బండెక్కి పారిపోయి వచ్చాడు. పొద్దున్నే మా వీధంతా ఎవరో ఆడమనిషిని ఇంటికి తెచ్చాడని చెప్పుకున్నారు. పక్కింటావిడ నన్ను ఓదార్చడానికి కూడా వచ్చింది.

అందుకని వెయ్యొద్దు. నా మాట విను.

జాకెట్టు భుజాల దగ్గర బిగుతుగా కుట్టించకు. చెయ్యెత్తి పద్యం అందుకునేటప్పుడు చిరుగుతుంది. మీ మావయ్యకి చిరిగింది. నాటకం వెయ్యొద్దనే చెబుతున్నాను, జాకెట్టు సంగతి వేరు.

నీ మేనత్త,
రత్నమాణిక్యం

~

ఏలూరు,
ఆదివారం

అత్తా, నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను. వెంటనే దర్జీ దగ్గరికి పరిగెత్తి భుజాలు వదులు చేయించాను.

మంచి నాటకం కాదన్నావు. నువ్వు తెర వెనక చీర కుచ్చిళ్లు సర్దావు తప్ప ముందు కూర్చుని ఎన్నడైనా చూశావా? వందేళ్ల కిందటి కథ. ఊళ్లో ఒక మునసబు. అందరినీ భయపెట్టి బతుకుతాడు. చంపకవల్లి అనే ఆటకత్తె మీద మోజుపడతాడు. ఆవిడ, "సరే దొరా, నా గజ్జెలు ఒక్కసారి కట్టుకుని ఆడి చూపించు, అప్పుడు నీదాన్ని" అంటుంది. ఆయన తలపాగా తీసి పక్కన పెట్టి, గజ్జెలు కట్టుకుని ఆడతాడు. కిటికీలోంచి ఊరంతా చూస్తుంది. మర్నాటినుంచి ఆయనకి ఎవడూ భయపడడు. అంతే. ఇందులో చెడ్డేముంది? పాత కంపెనీలవాళ్లు చప్పట్ల కోసం బూతులు కలిపారు, పేరు చెడింది. నేను ఆ బూతులు తీసేశాను. గజ్జెల సీను మాత్రం ఉండాలి. అది తీస్తే నాటకం లేదు.

గట్టు మీద ఎందుకంటే, మావయ్యావాళ్లు పడవల మీద హార్మోనీ, పరదాలు వేసుకుని వెళ్లి ఆడింది అక్కడే. సాయంత్రం పొద్దు వాలుతుండగా మొదలుపెట్టి, జనం మధ్యలో, ఆపకుండా ఆడాలి. నా స్నేహితుడు శ్రీహర్ష మూడు కెమెరాలతో తీస్తాడు. ఒక్కటే ఆట. రెండోసారి లేదు.

నాన్నగారితో నా ఒప్పందం నీకు తెలీదనుకుంటాను. ఆట పూర్తయి సినిమా చేతికొస్తే ఆయన నా జోలికి రారు. మధ్యలో ఆగిందా, ఉగాది నుంచి నేను కొట్లో కూర్చుంటాను. మళ్లీ మొహానికి రంగు పూయను. మాట ఇచ్చేశాను. బస్తాల మధ్య యూరియా వాసన పీలుస్తూ ముసలాణ్ణయిపోతాను. అందుకని దోమల గురించి కాదు, ఆట ఆగకూడదని బెంగపెట్టుకో. ఎలాగూ పెట్టుకుంటావు కదా.

ఒక సాయం కావాలి. మావయ్య ఆ నడక ఎలా నడిచేవాడు? నేను నడిస్తే ఎన్.సి.సి. పెరేడ్‌లా ఉందని మా హార్మోనీ మాస్టారు దత్తాత్రేయులు గారు అంటున్నారు.

నీ
ఫణి

~

తాడేపల్లిగూడెం,
శనివారం

చిరంజీవి ఫణికి,

నీ ఒప్పందం చదివినప్పటినుంచీ నాకు ముద్ద దిగడం లేదు. నిజం చెప్పొద్దూ, మొదట సంతోషమే వేసింది. కొట్లో కూర్చుంటే పూటపూటా నా చేతి అన్నం తింటావు, కళ్ల ముందుంటావు, చీర కట్టవు, నీళ్లలో పడవు. తరవాత నువ్వు రాసిన యూరియా వాసన గుర్తొచ్చింది. అక్కడినుంచి ముద్ద దిగడం లేదు.

మీ నాన్న పేపర్లో చదివి పెద్దగా నవ్వుకుంటుంటే ఏంటని అడిగాను. మన అబ్బాయిరాజు గారు నీ నాటకం ఆపాలని సంఘం పెట్టారంట. మునసబుల వారసుల సంఘం. మునసబు ఉద్యోగాలే పోయి ఎన్నేళ్లయింది, ఇప్పుడు వారసులేంట్రా? కంగారుపడి వాళ్లింటికి పరిగెత్తాను. చెప్పులు కూడా చెరో జతలోవి వేసుకున్నాను, వాళ్ల గుమ్మంలో చూసుకున్నాను.

అబ్బాయిరాజు గారు వరండాలో కూర్చుని కాగితాల మీద స్టాంపు గుద్దుతున్నారు. సంఘానికి స్టాంపు కూడా వచ్చేసింది.

"రండి అక్కగారూ. మీరు వస్తారని తెలుసు. నేను మాత్రం వెనక్కి తగ్గనండీ" అన్నారు.

"చిన్నపిల్లాడండీ, ఏదో సరదా" అన్నాను.

"సరదాకి మా తాతగారి కాలికి గజ్జెలు కడతాడాండీ?"

"మీ తాతగారికి కాదండీ. నాటకంలో మునసబుకి."

"ఏ మునసబైనా మునసబేనండీ. మా తాతగారు వీధిలో నడిస్తే కుక్కలు కూడా పక్కకి తప్పుకునేవి. అలాంటి ఉద్యోగానికి గజ్జెలా?"

"కాఫీ తాగుతారా?" అని వాళ్లావిడ విజయకుమారి నన్ను వంటింట్లోకి లాక్కుపోయింది. అక్కడ ఆవిడ ఇంకో మాట చెప్పింది. అది నీకు అనవసరం.

ఆయన చేపల చెరువు మీ గట్టుకి ఆనుకునే ఉందంట. జాగ్రత్త. వెయ్యకపోతే అన్నిటికన్నా జాగ్రత్త.

నడక అడిగావు. మీ మావయ్య చీర కట్టాక రెండు మోకాళ్ల మధ్య తమలపాకు పెట్టుకుని ఇల్లంతా తిరిగేవాడు. ఆకు పడకూడదు. పడకుండా తిరగడం వచ్చాక, ఆకు తీసేసి, ఉందనుకుని నడిచేవాడు. నేను నవ్వితే, "నీకంటే నేనే బాగా నడుస్తున్నానని కుళ్లు" అనేవాడు. నిజమే, కుళ్లుకునేదాన్ని. వీధిలో నన్ను చంపకవల్లి పెళ్లాం అని పిలిచేవారు, తెలుసా?

వెయ్యొద్దు.

అత్త

~

ఏలూరు,
మంగళవారం

అత్తా,

తమలపాకు పనిచేసింది. దత్తాత్రేయులు గారు హార్మోనీ ఆపి, కళ్లజోడు తీసి తుడుచుకుని, "బుల్లిరాజు వచ్చాడు" అన్నారు. అంతే అన్నారు. నాకు ఆ రోజంతా చాలింది.

ఇక నీ అబ్బాయిరాజు గారు. నిన్న మా రిహార్సల్ హాలుకి వచ్చారు. నేను అప్పుడే జడ పెట్టుకుని ఉన్నాను. ఆయన నన్ను చూసి, "అమ్మా, ఫణికిరణ్ ఉన్నాడా?" అన్నారు. నేనేనండీ అన్నాను. ఆయన కాసేపు ఎటు చూడాలో తెలీక హార్మోనీకి నమస్కారం పెట్టారు.

"బాబూ, ఆ సీను తీసెయ్యి. మిగతాది హాయిగా ఆడుకో" అన్నారు.

"అది తీస్తే కథ లేదండీ."

"కథ లేకపోయినా పద్యాలుంటాయి కదయ్యా. పద్యాలు పాడండి, మేమూ వింటాం."

కుదరదన్నాను. అర్జీ తీసి చూపించారు. తాసీల్దారు ఆఫీసులో అప్పటికే ఇచ్చేశారు. ఆఫీసువాళ్లు నాకు అనుమతి రద్దు చెయ్యలేదు గానీ, జనంలో గొడవ జరిగితే అక్కడికక్కడే ఆట ఆపించేస్తామని రాసిచ్చారు. అంటే నలుగురు లేచి అరిస్తే చాలు, నేను కొట్లోకి వెళ్లిపోతాను.

వెళ్తూ వెళ్తూ ఆయన ఇంకోటి అన్నారు. "మీ స్టేజీ పక్కనే మా చెరువు. చేపలకి గాలి కోసం ఏరేటర్లు తిప్పుకుంటాం. మోటార్లు కాస్త చప్పుడు చేస్తాయి. చేపల్ని చంపుకోమనరు కదా?" అని నవ్వారు. శ్రీహర్ష వెళ్లి ఆ చప్పుడు విని వచ్చాడు. నెత్తి మీద హెలికాప్టర్ దిగినట్టుందంట. పద్యం ఒక్క ముక్క రికార్డు కాదన్నాడు.

మునసబు వేషం కనకరాజు గారిది. జంగారెడ్డిగూడెంలో హైస్కూలు మాస్టారు. అర్జీ సంగతి విన్నప్పటినుంచీ, "మీసం ఇంకొంచెం పెద్దది పెట్టుకోనాండీ? మొహం ఎవరికీ తెలియకుండా?" అని అడుగుతున్నారు.

నువ్వు ఇక వాళ్లింటికి వెళ్లకు. నీ భయం చూసి ఆయనకి ధైర్యం పెరుగుతోంది.

ఫణి

~

తాడేపల్లిగూడెం,
ఫాల్గుణం, శుక్రవారం

చిరంజీవి ఫణికి,

వెళ్లొద్దన్నావని వెళ్లలేదు. విజయకుమారే మన ఇంటికి వచ్చింది, దానికి నేనేం చెయ్యను?

వాళ్ల ఏర్పాటంతా చెప్పింది. చెరువుల మీద పనిచేసే మనుషుల్ని రెండు వ్యాన్లలో తీసుకొస్తారంట. అబ్బాయిరాజు గారు ముందు కూర్చుంటారు. ఆయన లేచి ఏది అరిస్తే వెనకాల వీళ్లంతా లేచి అదే అరవాలి. అంతవరకూ నోరు మెదపకూడదు. వాళ్లకి నాటకం సంగతి తెలీదు, బిర్యానీ సంగతే తెలుసు. గజ్జెలు బయటికి తియ్యగానే ఆయన లేస్తారు.

ఆ మాట విన్నప్పుడు నేను బియ్యం ఏరుతున్నాను. ఏరిన రాళ్లు మళ్లీ బియ్యంలోనే వేశాను.

ఫణీ, గజ్జెల సీను తీసెయ్యరా. పద్యాలతో సరిపెట్టు. ఆట ఆగదు, నీ మాట నిలుస్తుంది, ఎవరి తలా పగలదు. నీకు నా మీద ఏమాత్రం ప్రేమ ఉన్నా తీసెయ్యి.

తీసెయ్యనంటావా, తెలుసు. మీ మావయ్యా అంతే.

అయితే ఇంకొకటి చెయ్యి. మునసబు మొదటిసారి వచ్చేటప్పుడు ఒక పెద్ద పద్యం ఉంది. తన గొప్ప తనే చెప్పుకుంటాడు. "మీసంబు దువ్వినన్ మెట్టచేలకు నీరు, దగ్గినన్ గట్లన్ని దారియిచ్చు" అని మొదలవుతుంది. పొడుగని కంపెనీలవాళ్లు మానేశారు. అది పెట్టు. గజ్జెల సీనుకి సరిగ్గా ముందు పెట్టు. కనకరాజు మాస్టారిని తొందరపడకుండా రాగం తియ్యమను. ఎందుకని అడగకు. ముసలిదాన్ని, ఏదో తోచింది.

విజయకుమారికి బొట్టు పెట్టి నాటకానికి పిలిచాను. ఆయన్ని కూడా రమ్మని చెప్పాను. మర్యాద కదా. ముందు వరుసలో హార్మోనీకి ఎదురుగా కుర్చీలు వేయించు.

అత్త

~

ఏలూరు,
సోమవారం

అత్తా!

ఆట ఆపడానికి వచ్చే మనిషిని బొట్టు పెట్టి పిలిచావా? పైగా ముందు వరుసలో, హార్మోనీకి ఎదురుగా? నువ్వు ఎవరి మేనత్తవి, నాకా ఆయనకా?

నిజంగా అడుగుతున్నాను, కోపం తెచ్చుకోకు. నేను కొట్లో కూర్చుంటే నీకు సంతోషమని నువ్వే రాశావు. ఇదంతా అందుకేనా?

సీను తియ్యను. పద్యం మాత్రం పెట్టాను. నీ కోసం కాదు, దత్తాత్రేయులు గారి కోసం. పద్యం పేరెత్తగానే ఆయన చిన్నపిల్లాడిలా గెంతేశారు. రాసినాయన అది పూర్తిగా ఎగతాళికే రాశాడు. వింటే మాత్రం రాజుగారికి పట్టాభిషేకం జరుగుతున్నట్టుంటుంది. కనకరాజు గారు రెండో పాదం దాటేసరికి ఎర్రబడిపోతున్నారు. "ఇంత రాగం ఒక్క ఊపిరిలోనాండీ?" అంటున్నారు.

నువ్వు రావద్దు. నిన్ను చూస్తే నేను పద్యాలు మరిచిపోతాను.

ఫణి

~

తాడేపల్లిగూడెం,
బుధవారం

చిరంజీవి ఫణికి,

నువ్వు అడిగిన దానికి నేను జవాబు రాయను. రాస్తే ఏడుపొస్తుంది, కాగితం పాడవుతుంది.

నేను రావడం లేదు. నా మోకాళ్లకి బస్సు ఎక్కడం చేతకాదు. విజయకుమారి వాళ్ల కారులో చోటుందంది, అయినా రాను. గట్టు మీద చలిగాలి వేస్తుంది, చెవులకి శాలువా కప్పుకోవాలి, అదంతా ఎవరు పడతారు? మీ నాన్న అడిగితే విజయకుమారితో భీమవరం గుడికి వెళ్తున్నానని చెబుదామనుకున్నాను. ఎటూ రావడం లేదు కదా, చెప్పే పనే లేదు.

పిన్నీసులు నోట్లో పెట్టుకుని మాట్లాడకు, మింగేస్తావు.

అత్త

~

కొల్లేటికోట,
శనివారం పొద్దున్న

అత్తా,

ఇంకా రంగు పూర్తిగా వదల్లేదు. చెవుల వెనక ఎర్రగానే ఉంది. గట్టు మీద కూర్చుని రాస్తున్నాను.

నిన్న ఏం జరిగింది? నిజంగా అడుగుతున్నాను. మొహం మీద లైట్లు పడితే స్టేజీ మీది మనిషికి కింద ఏమీ కనబడదు. నాకు తెలిసింది నేను రాస్తాను, మిగతాది నువ్వు రాయాలి. రెండో వరుసలో శాలువా కప్పుకున్న ఒక తల నాకు మొదట్లోనే, లైట్లు పడకముందే కనబడింది. భీమవరం గుడి అటువైపు కాదు అత్తా.

తెర లేచేసరికి మోటార్లు మొదలయ్యాయి. అరగంటసేపు నా గొంతు నాకే వినబడలేదు. శ్రీహర్ష చెవులకి పెట్టుకున్నది తీసి నేలకేసి కొట్టాడు. కనకరాజు గారు వచ్చి పద్యం అందుకున్నారు. ఆయన నోరు కదులుతోంది తప్ప ఏమీ వినబడడం లేదు. ఉన్నట్టుండి మోటార్లు ఆగిపోయాయి. కరెంటు పోయిందనుకున్నాను. మా లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. ఒక్కసారిగా కొల్లేరంతా నిశ్శబ్దం, దాంట్లో కనకరాజు గారి రాగం ఒక్కటే. పద్యం అయిపోయింది. ముందు వరుసలో కుర్చీ పడిన చప్పుడైంది. వెనకాల జనమంతా ఒక్కసారి లేచిన అలజడి వినబడింది. అయిపోయింది అనుకున్నాను. గజ్జెలు నా చేతిలోనే ఉన్నాయి. ఉగాది, కొట్టు, గల్లాపెట్టె, అన్నీ కళ్ల ముందు కనబడ్డాయి.

అప్పుడు వినబడింది, "వన్స్ మోర్!" అని. వ్యాన్ల మనుషులంతా కలిసి, గట్టు అదిరేలా, "వన్స్ మోర్!"

వన్స్ మోర్ అడిగితే మళ్లీ పాడి తీరాలి కదా. కనకరాజు గారు ఏడుపు మొహంతో మళ్లీ పాడారు. మళ్లీ అడిగారు. మళ్లీ పాడారు. మూడో వన్స్ మోర్‌కి ఆయన నా భుజం పట్టుకుని నిలబడి పాడారు.

తరవాత గజ్జెల సీను. నేను వంగి ఆయన కాలికి కట్టబోతున్నాను. "ఆ కాలు కాదు!" అని కిందనుంచి గట్టిగా కేక. నా చేతులు ఆగిపోయాయి. "కుడికాలు ముందు కట్టాలయ్యా! కుడికాలు!" నేను కాలు మార్చి కట్టాను. ఆట చివరిదాకా ఆడాం అత్తా. చివరిదాకా!

తెర పడ్డాక నిన్ను వెతికితే కారు వెళ్లిపోయిందన్నారు. ఏం చేశావు?

ఫణి

~

తాడేపల్లిగూడెం,
సోమవారం

చిరంజీవి ఫణికి,

నేనేమీ చెయ్యలేదు.

వచ్చిన మాట నిజమే. విజయకుమారి ఒక్కతే వెళ్తానంటే తోడు వచ్చాను. అబ్బాయిరాజు గారి వెనక కుర్చీలో కూర్చోవడం కూడా నా పని కాదు, అక్కడే చోటుంది.

ఆ రోజు విజయకుమారి వంటింట్లో ఏం చెప్పిందో ఇప్పుడు చెబుతాను. అబ్బాయిరాజు గారు రోజూ స్నానాల గదిలో తలుపేసుకుని ఆ మునసబు పద్యమే పాడతారంట. "నీళ్లు చల్లారిపోతాయి గానీ వదినా, ఆ రాగం మాత్రం పూర్తవదు" అంది. చిన్నప్పుడు పడవల వెంట గట్లమ్మట పరిగెత్తి నాటకాలు చూసిన మనిషి. తాతగారి మీద ఎంత గౌరవమో ఆ పద్యం మీద అంత మోజు. అది ఎగతాళి పద్యమని ఆయనకి ఇప్పటికీ తెలీదు. నువ్వూ చెప్పకు.

మాస్టారు పాట అందుకోగానే ఆయన మెడ ముందుకి సాచారు. మోటార్ల చప్పుడుకి ఏమీ వినబడడం లేదు. ఇటు తిరిగారు, అటు తిరిగారు, చెవి వెనక చెయ్యి పెట్టుకున్నారు. ఇక ఉండబట్టలేక ఫోను తీసి, "ఒరేయ్, ఆ మోటార్లు ఆపరా! పద్యం వినబడి చావడం లేదు!" అని అరిచారు. అవతలివాడు, "మీరే తిప్పమన్నారు కదండీ, ఆయ్" అన్నట్టున్నాడు. "ఇప్పుడు నేనే ఆపమంటున్నాను, ఆపు!" అన్నారు.

ఆ తరవాత కళ్లు మూసుకుని తొడ మీద తాళం వేస్తున్నారు. నేను ఒక్క మాటే అన్నాను. ముందుకి వంగి, "పాపం ఈ మాస్టారికి ఊపిరి చాలడం లేదండీ. పాతవాళ్లయితే ఇంకా సాగదీసేవారు. ఈయన రెండోసారి పాడలేడు లెండి" అన్నాను. అంతే. మంచికే అన్నాను.

ఆయనకి పౌరుషం వచ్చింది. "ఎందుకు పాడలేడండీ!" అని కుర్చీ తన్నేసి లేచి వన్స్ మోర్ అన్నారు. ఆయన లేచి ఏది అరిస్తే అది అరవమని వ్యాన్లవాళ్లకి చెప్పింది ఆయనే కదా. వాళ్లు నమ్మకమైన మనుషులు. చెప్పినట్టే చేశారు. ఆయన వెనక్కి తిరిగి, "మీరెందుకర్రా?" అంటే, అది కూడా అరవాలేమోనని ఇద్దరు, "మీరెందుకర్రా!" అని అరిచారు.

గజ్జెలు తియ్యగానే విజయకుమారి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆయన లేచారు. సగం లేచి ఆగారు. మూడుసార్లు వన్స్ మోర్ అడిగిన నోటితో ఆపమని ఎలా అంటారు? అటు కూర్చోలేక ఇటు నిలబడలేక అలా వంగి ఉండగానే, నువ్వు ఎడమకాలు పట్టుకున్నావు. అది చూసి ఆయన సంఘం సంగతే మరిచిపోయారు. ఎడమకాలికి ముందు కడతావా నువ్వు? మావయ్య పరువు తీశావు. నేనే అరుద్దామనుకున్నాను, ఆయన ముందు అందుకున్నారు.

కారెక్కేటప్పుడు చెరువు కాపలావాడు పరిగెత్తుకొచ్చి, మోటార్లు ఆగాయని చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయన్నాడు. విజయకుమారి, "వాటికీ వన్స్ మోర్ కావాలేమో" అంది. నాకు ఆ చేపల గురించి ఇప్పటికీ బెంగగా ఉంది. బతికాయేమో కనుక్కో.

నువ్వు నన్ను ఎవరి మేనత్తవని అడిగావు. అది నేను మరిచిపోలేదు. నువ్వు కొట్లో కూర్చుంటే నాకు సంతోషమే. ఇప్పటికీ సంతోషమే. ఆ నడక చూశాక మాత్రం నిన్ను కూర్చోబెట్టడానికి నాకు మనసు రాలేదు.

అత్త

~

ఏలూరు,
గురువారం

అత్తా,

నీ కాళ్లకి దణ్ణం. ఆ మాట రాసినందుకు నన్ను క్షమించు. చేపలు బతికాయి.

అబ్బాయిరాజు గారు మా ఎడిటింగ్ గదికి వచ్చారు. మళ్లీ అర్జీ అనుకుని శ్రీహర్ష తలుపు గడియ పెట్టబోయాడు. ఆయన చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చి, "నేను అరిచిన చోటు ఒకసారి చూపిస్తారాండీ?" అన్నారు. చూపించాం. నాలుగుసార్లు చూశారు. సినిమా పొడుగైపోతోందని శ్రీహర్ష రెండు వన్స్ మోర్‌లు కత్తిరించబోతే ఒప్పుకోలేదు. "మూడూ ఉండాలి. కుడికాలు అన్నప్పుడు నా గొంతు సరిగ్గా వినబడడం లేదు, కాస్త పెంచండి" అన్నారు. సంఘం తరఫున అభ్యంతరం లేదని కాగితం రాసి, జేబులోంచి స్టాంపు తీసి గుద్ది ఇచ్చారు.

మోటార్లు మింగేసిన మొదటి అరగంట మాటలు గదిలో మళ్లీ చెప్పి కలిపాం. సినిమా పూర్తయింది. నాన్నగారి ఫోనుకి పంపించాను. ఆయన చూశారో లేదో తెలీదు. ఒప్పందం ప్రకారం నేనే గెలిచాను. కానీ ఆయన నోటితో ఒక్క మాట అనకపోతే గెలిచినట్టు లేదు. ఏమైనా అన్నారా? కోపంగా ఉన్నారా? దాచకుండా రాయి.

ఫణి

~

తాడేపల్లిగూడెం,
ఆదివారం

చిరంజీవి ఫణికి,

ఏమీ అనలేదు. అదే నా భయం.

చూశాడు. షట్టరు సగం దించుకుని కొట్లో ఒక్కడే కూర్చుని చూశాడంట. పురుగుమందు కోసం వచ్చిన రైతుని కూడా మధ్యాహ్నం రమ్మన్నాడంట. ఇంటికి వచ్చి అన్నం తిన్నాడు, చెయ్యి కడుక్కున్నాడు, తువ్వాలుతో చాలాసేపు తుడుచుకున్నాడు. "అచ్చం బావలాగే నడిచాడక్కా" అన్నాడు. ఇంకేమైనా అంటాడేమోనని చూశాను. లోపలికి వెళ్లి పడుకున్నాడు.

తరవాత రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. కోపమో, జ్వరమో, నీ మీద బెంగో నాకు అంతుపట్టలేదు. మిరియాల చారు పెట్టాను, తాగాడు. మూడోనాడు కొట్టు ముందు బోర్డు కట్టించాడు. "పనికి మనిషి కావలెను, లెక్కలు వచ్చి ఉండవలెను" అని. ఇన్నేళ్లూ ఎంత చెప్పినా మనిషిని పెట్టుకోలేదు. మావాడు వస్తాడు, మావాడు వస్తాడు అని ఒక్కడే బస్తాలు మోసుకున్నాడు. నేను బోర్డు కింద నిలబడి మూడుసార్లు చదివాను. నాకు చదవడం సరిగ్గా రాదని కాదు.

నిన్న ఒక కుర్రాడు వచ్చాడు. శుభ్రంగా ఉన్నాడు, లెక్కలు చకచకా చెప్పాడు. మీ నాన్న అంతా విని, "పాటలూ పద్యాలూ ఏమైనా వచ్చా?" అని అడిగాడు. ఆ పిల్లాడు హుషారుగా, "వచ్చండీ, పాడమంటారా?" అన్నాడు.

"వెళ్లిరా నాయనా" అని పంపేశాడు.

ఇవాళ ఇంకొకడు వచ్చాడు. వాడికి ఏమీ రాదంట. సరే అనుకునేలోగా బస్తా భుజానికెత్తుకుంటూ సన్నగా కూనిరాగం తీశాడు. వాణ్ణీ పంపేశాడు. ఈ జిల్లాలో రాగం రాని మనిషి దొరికేదాకా మీ నాన్న నడుము ఏమైపోతుందోనని నాకు ఒకటే బెంగగా ఉందిరా.

నీ మేనత్త,
రత్నమాణిక్యం